తిప్పే ఉలి

కాదు, నేను ఒప్పుకోను. హాల్లో ఒప్పుకోలేదు, బయట టీ తాగుతూ ఒప్పుకోలేదు, ఇప్పుడు రాయడానికి కూర్చున్నాక కూడా ఒప్పుకోను. “పేరుదేముంది సార్, పని జరిగితే చాలు కదా” అన్నావు నువ్వు. నీ వెనక వరసలో ఉన్నవాళ్ళంతా తలలూపారు. పెద్దవాడు కదా పోనీలే అని నాకు ఇంకో బిస్కెట్ ఇచ్చి పంపేశారు. బిస్కెట్ తిన్నాను గాని, ఆ మాట మాత్రం ఇంకా గొంతులోనే ఉంది.

మిగతావాళ్ళకు జరిగింది చెప్పాలి. టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణని, కొత్తగా చేరుతున్న టెక్నీషియన్లకు నాలుగు మాటలు చెప్పమని తిరుపతిలో ఒక శిక్షణ తరగతికి పిలిచారు. ప్రమోషన్లు ఎట్లా వస్తాయో, ఫైలు ఎట్లా కదుపుతారో నాకు ఎప్పుడూ సరిగ్గా తెలియలేదు. అందుకని బల్ల మీదున్న స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకుని, మీ ఇళ్ళల్లో దీన్నేమంటారని అడిగాను. అందరూ స్క్రూడ్రైవర్ అన్నారు. ఏర్పేడు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి మాత్రం, వాళ్ళ తాత తిరుప్పుళి అంటాడని చెప్పింది. హాలంతా గొల్లున నవ్వింది. ఆ అమ్మాయి తల దించుకుంది. నాకు అక్కడే మండింది. ఆ మంటలో నేను గట్టిగా ఏదో అంటే, నువ్వు ఫోన్ మీంచి తలెత్తి ఆ మాటన్నావు.

ఫోన్ పట్టుకుని కూర్చున్నందుకు నాకు కోపం లేదు. నీ వయసులో నా చేతిలోనూ ఎప్పుడూ ఫోనే ఉండేది. టెస్ట్ ఫోన్ అనేవాళ్ళం. రెండు తీగలు, వాటి చివర రెండు క్లిప్పులు. ఏ స్తంభం మీద, ఏ గోడ మీద లైను కనిపిస్తే దానికి తగిలించి మాట్లాడేవాణ్ణి. అన్నం తినేటప్పుడు కూడా పక్కనే పెట్టుకుంటానని అందరూ ఎగతాళి చేసేవాళ్ళు. కోపం కూడా నీకున్నంత ఉండేది. రిటైరయ్యాక తగ్గుతుందన్నారు. చూస్తున్నావుగా.

పైనుంచి అడిగిన పేరు

నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. డెబ్బైల మధ్యలో టెలిఫోన్ మెకానిక్‌గా నా మొదటి ఉద్యోగం తిరుపతి పక్కన ఒక చిన్న ఎక్స్ఛేంజ్‌లో. అప్పటికి అక్కడ నంబర్లు తిప్పే ఫోన్లు రాలేదు. రిసీవర్ ఎత్తితే ఆపరేటర్ పలికేది, ఎవరు కావాలో చెబితే కలిపేది. పట్నం నుంచి వచ్చిన నాకు అది చూసి మొదటి రోజే చిన్నచూపు.

నాతోపాటు పనికి వచ్చేవాడు చెంగల్రాయుడు. నాకంటే బాగా పెద్దవాడు. దినకూలీ మజ్దూరు. ఏర్పేడు దారిలో స్తంభాలన్నీ తన చేత్తో పాతినవేనని చెప్పుకునేవాడు. అందులో సగమే నిజం. మాట గట్టిది, ఎవరికీ లొంగడు, వినయం ఏ కోశానా లేదు. అతనికి ఉన్న ఆశ ఒక్కటే, లైన్‌మన్‌గా పర్మనెంట్ కావడం. దానికి పరీక్ష పెడతారు. వయసు దాటితే ఆ పరీక్షకు కూర్చోనివ్వరు. అతనికి ఆ వయసు దగ్గరపడింది. “పర్మనెంటు సెయ్యకుంటే నేను పాతిన స్తంభాలన్నీ పీక్కోని ఇంటికి ఎత్తకపోతా” అనేవాడు నవ్వుతూ. ఆ నవ్వు వెనక భయం ఉందని నాకు తర్వాత తెలిసింది.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. స్తంభం మీద ఉన్నవాడు పనిముట్టును పేరు పెట్టి అడగాలి. “అది పంపు, ఇది పంపు” అంటే కిందివాడు కదలడు. పేరు చెబితే కిందివాడు ఆ పేరును గట్టిగా తిరిగి పలికి, అప్పుడు తాడుకు కట్టి పంపుతాడు. బస్సుల మోతలో, గాలిలో, పైవాడికి తను అడిగిందే వస్తోందని తెలియాలి కదా. ఎవరు పెట్టారో తెలియదు గాని మంచి పద్ధతి. నేను చూసిన పద్ధతుల్లో ఇది ఒక్కటే ప్రాణాలు కాపాడింది.

మొదటి వారంలోనే ఒకరోజు నేను స్తంభం మీదున్నాను. బ్రాకెట్ దగ్గర స్క్రూ వదులైంది. కిందికి చూసి, పేచ్‌కస్ పంపమన్నాను. హైదరాబాద్‌లో స్క్రూడ్రైవర్‌ను అట్లాగే అంటాం.

“ఏం కావాలప్పా?” అన్నాడు చెంగల్రాయుడు.

“పేచ్‌కస్ భై, పేచ్‌కస్.”

“ఆ పేరుగల వస్తువు మా సంచీలో లేదప్పా. ఉండేదాని పేరు సెప్పు, కట్టి పంపిస్తా.”

వస్తువు అతని చేతిలోనే ఉంది. దాంతో అరచేతి మీద తాళం వేసుకుంటున్నాడు. నడుము బెల్టు విప్పుకుని, మెట్టు మెట్టుకూ తిట్టుకుంటూ కిందికి దిగాను. లాక్కోబోతే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

“దీని పేరు తిరుప్పుళి. అనుకోని ఎక్కు.”

“నేననను.”

“అనకుంటే ఎక్కి కూసో. ఎండకేం తొందర.”

పంతానికి ఉత్త చేతులతోనే మళ్ళీ ఎక్కాను. ఏప్రిల్ నెల తిరుపతి ఎండ నా కోపం కంటే పెద్దది. కాసేపు వేలాడాక, నోరు ఎండిపోయి, ఆ మాట అన్నాను. కింద అతను ఊరంతా వినబడేట్టు “తిరుప్పుళి వస్తాండాది” అని పలికి, తాడు కట్టాడు.

ఆ పూట అతన్ని అసహ్యించుకున్నాను. ఇక్కడ మీకొక మాట చెప్పాలి. పనిలో మీకు మొదటి పాఠం చెప్పేవాడు మంచివాడై ఉంటాడని ఆశపడకండి. చాలాసార్లు వాడు మిమ్మల్ని ఏడిపించడానికే చెబుతాడు. పాఠం తీసుకోండి. ఏడిపించింది తర్వాత చూసుకోవచ్చు.

తిరుచానూరు లాడ్జి గోడ

అమ్మవారి ఉత్సవాల రోజులు. తిరుచానూరులో ఒక లాడ్జి ఫోన్ పలకడం లేదని ఇద్దరినీ పంపారు. లాడ్జి నిండా యాత్రికులు, ఫోన్ లేక మేనేజరు తల పట్టుకుని కూర్చున్నాడు. లైను వచ్చి చేరే చెక్క దిమ్మె తడిగోడ మీద ఉంది. దాన్ని పక్క గోడకు మార్చాలి. గోడకు చిల్లు పెట్టి, కట్టెగూటం దిగ్గొట్టి, దాని మీద దిమ్మెను బిగించాలి. చిల్లు పెట్టే ఉలిని చెంగల్రాయుడు ఎక్స్ఛేంజ్‌లో మరిచిపోయి వచ్చాడు. ఆ సంగతి చెప్పలేదు. స్క్రూడ్రైవర్ మొనను గోడకు ఆనించి, పిడి మీద సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు.

ఏం చేస్తున్నావని అరిచాను.

“తిరుప్పుళి కూడా ఉలే కదప్పా. ఉలిని కొట్టక ముద్దు పెట్టుకుంటారా?” అని తన పని తాను కానిచ్చాడు.

చిల్లు పడింది. పిడి చీలింది. మొన ఒక మూల విరిగింది. నేను అదే విరిగిన మొనతో దిమ్మెలో ఇత్తడి స్క్రూలు బిగించడానికి దిగాను. నాకు అప్పట్లో ఒక జబ్బు ఉండేది. స్క్రూ బిగిశాక కూడా, ఎందుకైనా మంచిదని ఇంకొక తిప్పు తిప్పేవాణ్ణి. ఆ చివరి తిప్పులో మొన జారింది. స్క్రూ తల గాడి అరిగిపోయింది, దిమ్మె నిలువునా పగిలింది. ఇక అది బిగియదు, ఊడి రాదు.

నువ్వు కొట్టబట్టి అని నేను, నువ్వు తిప్పబట్టి అని అతను. యాత్రికులు మెట్ల మీద నిలబడి చూస్తున్నారు. కొత్త దిమ్మె పంపమని చెప్పడానికి బయట గోడ మీదున్న తీగకు నా టెస్ట్ ఫోన్ తగిలించాను. ఆపరేటర్ వసంత పలికింది. చిత్తూరమ్మాయి. ఇంట్లో తెలుగూ అరవమూ కలిపి మాట్లాడతారు. నాకంటే తెలివైనదని నేను ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. వెనక చెంగల్రాయుడి కేకలు ఆమెకు వినబడుతున్నాయి. ఏంటికి గొడవని అడిగింది. తిరుప్పుళిని సుత్తితో కొట్టాడని చెప్పాను.

“దాన్ని కొడతారా ఎవురైనా? పేరులోనే సెప్పిండారు కదబ్బా” అంది.

ఏం చెప్పారని అడిగాను.

“అరవంలో తిరుప్పు అంటే తిప్పు. ఉళి అంటే మన ఉలి. తిప్పే ఉలి. కొట్టే ఉలి వేరే ఉండాది గనకనే దీనికి ముందర తిప్పేదని తగిలించినారు. ఫోన్ ఆయప్ప చెవి దగ్గర పెట్టు.”

పెట్టాను. ఆమె మళ్ళీ చెప్పింది. చెంగల్రాయుడి మొహం చిన్నబోయింది. అన్నాళ్ళూ అతను దాన్ని తిరుపతిలో తయారయ్యే ఉలి అనుకున్నాడట. మొదటి సగానికి ఊరు అంటగట్టి, రెండో సగం విని సుత్తి ఎత్తాడు. నాకు చెప్పలేని ఆనందం. ఫోన్ లాక్కుని, చూశావా అన్నట్టు నవ్వాను. వసంత నన్ను వదల్లేదు. మీ ఊర్లో ఏమంటారని అడిగింది. పేచ్‌కస్ అన్నాను. అంటే ఏమిటంది. నేను పుట్టినప్పటినుంచి అంటున్న మాటే, ఒక్కసారి కూడా విడదీసి చూడలేదు. పేచ్ అంటే మెలిక, స్క్రూ. కస్ అంటే బిగించడం. స్క్రూ బిగించేది.

“అట్లనా,” అంది వసంత, “అందుకే మీరు బిగించిందాన్ని విప్పేకి ఇంకొకరు పోవాల్సొస్తాండాది.”

ఫోన్ ఇప్పుడు నా చెవి దగ్గరే ఉన్నా, చెంగల్రాయుడికి కూడా వినబడింది. తిరుపతి చేరేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

మూడు పేర్లు, మూడు తప్పులు

నేను పండితుణ్ణి కాదు. ఆ భాషలు మాట్లాడేవాళ్ళు విడదీసి చెప్పింది విన్నాను, అంతే. కాని ఆ రోజు తర్వాత నేను ఏ పనిముట్టు పట్టుకున్నా దాని పేరు అడిగాను. ఆ పేరు ఏ పని చెబుతోందో, ఏ పని చెప్పకుండా వదిలేసిందో చూశాను.

పేచ్‌కస్ బిగించమంటుంది. విప్పడం గురించి ఒక్క మాట చెప్పదు. ఇంగ్లీషు పేరు స్క్రూను లోపలికి తోలమంటుంది. ఎక్కడ ఆగాలో దానికీ తెలియదు. తిరుప్పుళి అన్నిటికంటే నిజాయితీగా ఉంది. తిప్పమని మాత్రమే అంటుంది, ఎటు తిప్పాలో నీకు వదిలేస్తుంది. కాని తోకలో ఉలిని పెట్టుకుంది కాబట్టి సగం విన్నవాడు సుత్తి తీస్తాడు. ఆ ఉలి ఊరికే పెట్టింది కూడా కాదు. మొనను ఉలి అంచులాగే సాపుగా, మూలలు విరగకుండా ఉంచుకోవాలి. అరిగితే ఆకురాయితో రాసుకోవాలి. గాడిలో ఊగులాడే మొనతో పనిచేసేవాడు తన చేతిని తనే పొడుచుకుంటాడు. నా ఎడమ అరచేతిలో మచ్చ ఉంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు.

ఇంకో సంగతి. స్క్రూ బిగిసినప్పుడు పిడి చేతికి చెబుతుంది. ఆ చెప్పడం చాలా చిన్నగా ఉంటుంది. కోపంగా ఉన్నవాడికి వినబడదు. నాకు చాలా ఏళ్ళు వినబడలేదు.

పరీక్ష

మా ఇంజినీరు మూర్తిగారు గోదావరి వైపునుంచి వచ్చినవారు. గొంతు పెంచగా నేను వినలేదు, మెచ్చుకోగా కూడా వినలేదు. పని చూడటానికి వస్తే, నేలలోకి దిగే ఎర్త్ తీగను చేత్తో పట్టి లాగి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేవారు. ఆయన మంచి బాసా అంటే కాదంటాను. న్యాయమైన బాసు. ఆ రెండూ ఒకరిలోనే దొరుకుతాయని మీరు అనుకోవద్దు. ఏదో ఒకటే దొరికేట్టయితే న్యాయమైనవాణ్ణి కోరుకోండి.

లైన్‌మన్ పరీక్ష ఆయనే పెట్టారు. బల్ల మీద పనిముట్లు పరిచారు. ఆయన పేరు చెబుతారు, అభ్యర్థి ఆ పేరు తిరిగి పలికి, పనిముట్టు తీసి ఇవ్వాలి. స్తంభం దగ్గరి పద్ధతే. చెంగల్రాయుడి వంతు వచ్చింది. ఆయన స్క్రూడ్రైవర్ అన్నారు. ఇతను సరైనదే తీసి, తిరుప్పుళి అని ఇచ్చాడు. నేను అడిగిన పేరు చెప్పు అన్నారాయన. దీని పేరు ఇదే సార్ అన్నాడు ఇతను. ఇంకోసారి అడిగారు. ఇంకోసారి అదే చెప్పాడు. అంతటితో ఊరుకోకుండా, ఈ పేరు మీకు తెలీకుంటే తప్పు నాది కాదన్నాడు. ఫెయిల్ చేశారు. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది.

నాకు ఎట్లా తెలిసిందంటే, స్తంభం మీదున్నప్పుడు వసంత ఫోన్‌లో చెప్పింది. దిగి, సైకిల్ ఎక్కి, తలుపు కూడా తట్టకుండా మూర్తిగారి గదిలోకి వెళ్ళాను. ఎంత గట్టిగా మాట్లాడానో రాయలేను. ఇక్కడి మనిషి ఇక్కడి పేరు చెబితే తప్పెట్లా అవుతుందన్నాను. మీ ఇంగ్లీషు పేరు కంటే ఆ పేరే సరిగ్గా పని చెబుతుందని, తిరుప్పు, ఉళి విడదీసి వివరించాను. నేను స్తంభం మీద పేచ్‌కస్ అంటే అతను ఎట్లా పంపలేదో, నన్ను ఎండలో ఎట్లా వేలాడదీశాడో, చివరికి నేను ఆ పేరు ఎట్లా నేర్చుకున్నానో కూడా చెప్పాను. అది చెబితే ఆయన మెత్తబడతారనుకున్నాను.

మూర్తిగారు అంతా విన్నారు.

“అయితే, అతను మీకు చేసిందే నేను అతనికి చేశానన్నమాట” అన్నారు.

బల్ల మీద ఆనించిన చేతులు వెనక్కి తీసుకున్నాను.

“పైవాడు అడిగిన పేరు కిందివాడు తిరిగి చెప్పాలి. తన పేరు కాదు. రేపు అతను కింద ఉంటాడు, పైన విజయవాడ వాడో, నాగపూర్ వాడో ఉంటాడు. వాడికి తను అడిగింది వస్తోందని ఎట్లా తెలుస్తుంది? మీ పద్ధతి మీరే పాటించకపోతే ఎలా?”

నిజం చెబుతున్నాను, ఆయన అన్నదాంట్లో తప్పు ఎంత వెతికినా దొరకలేదు. దొరకలేదని ఇంకా కోపం వచ్చింది. అయినా కదలకుండా అక్కడే నిలబడ్డాను. అతనికి ఇంకో అవకాశం ఇస్తే తప్ప ఈ గదిలోంచి వెళ్ళనన్నాను. ఆయన డైరీ తెరిచి చూశారు. మరుసటి వారం వేరే సెక్షన్ వాళ్ళకు పరీక్ష ఉందని, అందులో కూర్చోబెడతానని, అదే చివరిదని చెప్పారు. బయటికి వెళ్ళేటప్పుడు తలుపు మెల్లగా వేయమన్నారు.

ఆ వారం

పరీక్షకు మూర్తిగారిని ఒప్పించడం కంటే చెంగల్రాయుణ్ణి ఒప్పించడం కష్టమైంది. అలిపిరి దగ్గర టీ బంకులో కూర్చుని, అడిగిన పేరే తిరిగి చెప్పమని బతిమాలాను.

“మా నాయన ఆ పేరే అన్నాడు. నేను ఆ పేరే అంటా. ఉద్యోగం కోసరం పేరు మారిస్తే రేపు నా పేరు కూడా మార్సమంటారు.”

“నన్ను మార్పించినప్పుడు నీకీ బాధ లేదేం?”

“నువ్వు పైన ఉంటివి. నేను కింద ఉంటిని.”

“రేపు గదిలో ఎవరు పైన, ఎవరు కింద?”

గ్లాసును బల్ల మీద అటూ ఇటూ తిప్పాడు. టీ చల్లారిపోయింది. చాలాసేపటికి, కూలి మనిషిగానే ముసలివాణ్ణయిపోతానేమోనని నిద్ర పట్టడం లేదని చెప్పాడు. నా దగ్గర ఆ మాట అనడం అదే మొదలు, అదే ఆఖరు.

ఆ రోజునుంచి రోజూ పని అయ్యాక ఇద్దరం కూర్చునేవాళ్ళం. నేను ఇంగ్లీషు పేరు చెబితే అతను తిరిగి చెప్పాలి. చెప్పాక, ఆ వస్తువును తన పేరుతో పిలిచి, దాని పని ఏమిటో కూడా చెప్పాలి. ఇది నేను పెట్టిన షరతు. పేరు ఎవరిదైనా నోటితో పలుకు, పని మాత్రం నీ మాటలో తెలుసుకో అన్నాను. విసుక్కునేవాడు. స్క్రూడ్రైవర్ అనేటప్పుడల్లా పుల్లటి పండు కొరికినట్టు మొహం పెట్టేవాడు. ఒకరోజు విసుగెత్తి దాన్ని కాలవలోకి విసిరేశాడు. ఇద్దరం ప్యాంట్లు ఎగ్గట్టి వెతుక్కున్నాం.

గోడ దగ్గర

రెండో పరీక్ష రోజు నేను వరండాలో గోడకున్న తీగకు టెస్ట్ ఫోన్ తగిలించి నిలబడ్డాను. అవతల వసంత. గది తలుపు తీసే ఉంది.

మూర్తిగారు స్క్రూడ్రైవర్ అన్నారు. చెంగల్రాయుడు స్క్రూడ్రైవర్ అని పలికి, తీసి ఇచ్చాడు. మిగతావి కూడా అట్లాగే ఇచ్చాడు. వసంతకు చెప్పాను. ఆమె గట్టిగా ఊపిరి వదిలింది.

అప్పుడు మూర్తిగారు గోడ మీద సుద్దముక్కతో గుర్తుపెట్టి, అక్కడ చెక్క దిమ్మె బిగించమన్నారు. బల్ల మీద దిమ్మె ఉంది, కట్టెగూటం ఉంది, సుత్తి ఉంది, స్క్రూడ్రైవర్ ఉంది. ఉలి లేదు. చెంగల్రాయుడు బల్లంతా చూశాడు. ఎడమ చేత్తో స్క్రూడ్రైవర్ తీసుకుని, మొనను గుర్తు మీద ఆనించాడు. కుడి చేతిలో సుత్తి. అన్నేళ్ళ అలవాటు అది. ఏ గోడ దగ్గరైనా ఆ చెయ్యి అట్లాగే లేస్తుంది. లేచింది కూడా. నేను కళ్ళు మూసుకున్నాను. ఏమయిందని వసంత అడుగుతోంది.

దెబ్బ వినబడలేదు. కళ్ళు తెరిచేసరికి సుత్తి గాలిలోనే ఉంది. అతను పిడి వైపు చూస్తున్నాడు.

“సార్,” అన్నాడు, “ఇది తిప్పే ఉలి. నాకు కొట్టే ఉలి కావాల.”

మూర్తిగారు కుర్చీలోంచి కదల్లేదు. “దాన్ని ఏమన్నావు?”

నేను వరండాలో నిలబడి మనసులో ఆ ఇంగ్లీషు మాటను అతని నోట్లోకి తోస్తున్నాను.

“పేరు స్క్రూడ్రైవర్ సార్. దాని పని తిప్పేది.”

మూర్తిగారు సొరుగు తెరిచి ఉలి తీసి బల్ల మీద పెట్టారు. ఉలి లేనప్పుడు ఇతను ఏం చేస్తాడో చూడాలనే దాచారట. ఆ సంగతి తర్వాత నేను అడిగితే చెప్పారు. దిమ్మె నిలబడింది. స్క్రూ బిగిసింది. బిగిసిన చోట చెంగల్రాయుడు ఆగిపోయాడు, ఇంకో తిప్పు తిప్పలేదు. “పాసయినాడా లేదా సెప్పబ్బా” అని వసంత ఫోన్‌లో అరుస్తోంది. జవాబుగా ఫోన్‌ను గది వైపు పట్టుకున్నాను.

సంచీలో లేని వస్తువు

అతను పర్మనెంట్ అయ్యాక కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం మళ్ళీ మా ఇద్దరికీ ఒకే లైను మీద పని పడింది. నేను స్తంభం మీద ఉన్నాను. అప్పటికి నా నోటికి ఆ మాట అలవాటైపోయింది. కిందికి చూసి తిరుప్పుళి పంపమన్నాను.

“ఆ పేరుగల వస్తువు మా సంచీలో లేదప్పా,” అన్నాడు చెంగల్రాయుడు. కొత్త ఖాకీ చొక్కా వేసుకుని, చేతిలో స్క్రూడ్రైవర్‌తో అరచేతి మీద తాళం వేస్తున్నాడు. “ఉండేదాని పేరు సెప్పు.”

ఎండలో వేలాడుతూ, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. వాళ్ళ నాయన పేరు ఎత్తి అడిగాను. నీ పేరు కోసం నేను ఆఫీసరు గదిలో పడి అరిచానే, నువ్వు దాన్ని వదిలేసి పోతావా అన్నాను. అతను తాపీగా స్క్రూడ్రైవర్‌ను తాడుకు కట్టాడు.

“నేనెందుకు వదుల్తానప్పా. నీ దగ్గర పెట్టినా” అన్నాడు.

అతను ఇప్పుడు లేడు. ఆ పేరు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దాన్ని ఎవరికైనా ఇచ్చిపోదామనే ఆ రోజు హాల్లో స్క్రూడ్రైవర్ ఎత్తి చూపించాను. ఏర్పేడు అమ్మాయి చెయ్యి చాపింది, మీరు నవ్వారు. మీరు స్క్రూడ్రైవర్ అనండి, తప్పులేదు. పైవాడు అడిగిన పేరే పలకాలని మూర్తిగారు చెప్పింది నేను కాదనను. కాని ఆ గదిలో అన్నేళ్ళ అలవాటుతో లేచిన సుత్తి గాలిలోనే ఎందుకు ఆగింది? ఆఫీసరు ఆపలేదు, నేను ఆపలేదు, ఇంగ్లీషు పేరు ఆపలేదు. వాళ్ళ నాయన పలికిన ఒక మాట, దాని అర్థం తెలిశాక, అతని చెయ్యి పట్టుకుంది. ఇప్పుడు ఫోన్ పక్కన పెట్టి, నా మొహంలోకి చూసి, పేరుదేముంది అని ఇంకొక్కసారి అనగలవా?